పుల్లల కట్టకూ పలక మీది అంకెకూ మధ్య

నెల్లూరు జిల్లాలో ఇళ్ల స్థలాల బేరం గజాల్లో కంటే అంకణాల్లోనే ఎక్కువగా సాగుతుంది. ఇక్కడ అంకణమంటే 8 చదరపు గజాలు, అంటే 72 చదరపు అడుగులు. సెంటు స్థలానికి 6.05 అంకణాలు వస్తాయి. ఐదో తరగతి పిల్లలకు వైశాల్యం చెప్పవలసిన ఉపాధ్యాయుడు పుస్తకంలోని చిన్న గళ్లతో మొదలుపెట్టకుండా, బడి వరండాలో 9 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రాన్ని పిల్లల చేతనే సుద్దతో గీయించి, దాని పక్కన 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పుతో మరొకటి గీయించి, ‘ఈ రెండింటిలో ఏది పెద్ద స్థలం?’ అని అడిగాడనుకుందాం. పొడుగ్గా ఉన్నదే పెద్దదని కొందరు, వెడల్పుగా ఉన్నదే పెద్దదని కొందరు అంటారు. అంతటితో తీర్పు చెప్పకుండా, పాత దినపత్రికలను అడుగు పొడవు, అడుగు వెడల్పు ముక్కలుగా కత్తిరించి రెండు స్థలాల్లోనూ పరిచి లెక్కపెట్టమంటే, రెండింటికీ 72 ముక్కలే పడతాయి. రెండూ ఒక్కొక్క అంకణమే. పిల్లలు తేరుకునేలోపే రెండో ప్రశ్న వేయాలి: ‘చుట్టూ తాడు కట్టాలంటే దేనికి ఎక్కువ తాడు కావాలి?’ మొదటిదానికి 34 అడుగులు, రెండోదానికి 36 అడుగులు. మరి 24 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉన్న అంకణమైతే? అక్కడ తాడు 54 అడుగులకు పెరుగుతుంది. లోపలి జాగా మారకుండా చుట్టుకొలత మారగలదన్న సంగతి, సూత్రాలు రెండూ కంఠతా వచ్చిన పెద్దవాళ్లలో కూడా చాలామందికి ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు.

ఈ పాఠంలో పిల్లలు వంగి గీశారు, కత్తిరించారు, పరిచారు, వాదించుకున్నారు. దీన్ని చూసినవారు కృత్యాధార బోధనకు, అంటే పనులు చేయిస్తూ పాఠం చెప్పడానికి, మంచి నమూనా అంటారు. అయితే పాఠాన్ని నిలబెట్టింది సుద్దముక్కా దినపత్రికలా అని అడిగితే, రెండూ కావనే చెప్పాలి. అదే వరండాలో, అదే సుద్దతో, ‘పొడవు కొలవండి, వెడల్పు కొలవండి, రెండూ గుణించి రాయండి’ అని చెప్పి ఉంటే పిల్లల చేతులు అంతే పని చేసేవి. బుర్రకు మాత్రం ఉపాధ్యాయుడు చెప్పిన వరుసను పాటించడం తప్ప వేరే పని ఉండేది కాదు. ఈ రెండు తరగతులు గుమ్మం దగ్గర నిలబడి చూసే పర్యవేక్షకుడికి ఒకేలా కనిపిస్తాయి. శిశు కేంద్రిత విద్య చుట్టూ అల్లుకున్న గందరగోళంలో సగం ఇక్కడే పుట్టింది. చేతులు కదలడాన్ని, పిల్లవాడు ఆలోచించడాన్ని, ఉపాధ్యాయుడు పక్కకు తప్పుకోవడాన్ని మనం ఒకే విషయంగా లెక్కగట్టాం. ఇవి మూడు వేర్వేరు సంగతులు. అసలు కావలసింది రెండోది. మొదటిది దానికి సాధనం. మూడోది చాలా సందర్భాల్లో పొరపాటు.

ఈ ఆలోచన మనకు కొత్తగా వచ్చింది కాదు. పెన్నా ఒడ్డున పల్లెపాడులో 1921 ఏప్రిల్ 7న గాంధీ ప్రారంభించిన పినాకిని సత్యాగ్రహ ఆశ్రమం ఉంది. నెల్లూరు జిల్లా ఉపాధ్యాయులను తయారుచేసే డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) కూడా ఆ ఊళ్లోనే ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు. 1937 అక్టోబరులో వార్ధా సమావేశంలో గాంధీ ముందుకు తెచ్చిన మౌలిక విద్య, మాతృభాషలో, ఒక చేతివృత్తి కేంద్రంగా ఏడేళ్ల చదువు సాగాలని కోరింది. 1980లలో బ్రిటన్ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ప్రాథమిక విద్యా పథకం, అంటే పాత ఉపాధ్యాయులు ఇప్పటికీ ‘ఏపెప్’ అని పిలిచేది, ఆరు బోధనా సూత్రాలను ముందుంచింది. చేస్తూ, కనుగొంటూ, ప్రయోగాలు చేస్తూ నేర్వడం, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసిన పనిని తరగతిలో ప్రదర్శించడం అందులోవే. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో, కృత్యాలు, శోధన, అన్వేషణల ద్వారా శిశు కేంద్రితంగా చదువు సాగాలని స్పష్టంగా రాసింది. అంటే కృత్యాధార బోధన ఇప్పుడు ఉత్సాహవంతుడైన ఉపాధ్యాయుడి ఇష్టాయిష్టాలకు వదిలేసిన విషయం కాదు, చట్టం కోరే విషయం. ఇన్ని దశాబ్దాల శిక్షణ తర్వాత కూడా బోధనాభ్యసన సామగ్రి చాలా చోట్ల బీరువాలో ఉండి తనిఖీ రోజున బయటికి వస్తున్నదంటే, ఉపాధ్యాయుల బద్ధకమని సరిపెట్టుకోవడం తేలిక. సామగ్రి ఎందుకు పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేయదో శిక్షణలో చెప్పినవారు తక్కువ అన్నది నా అభిప్రాయం.

ఎప్పుడు పనిచేయదో చూడటానికి రెండో తరగతి తీసివేత చాలు. 32 లోంచి 17 తీసేయాలి. పిల్లవాడి ముందు పదేసి చీపురు పుల్లల కట్టలు మూడు, విడి పుల్లలు రెండు ఉన్నాయి. ఏడు పుల్లలు తీయడానికి విడివి చాలవు కాబట్టి ఒక కట్ట రబ్బరు బ్యాండు విప్పుతాడు; ఇప్పుడు కట్టలు రెండు, విడివి పన్నెండు. ఏడు తీస్తాడు, ఒక కట్ట తీస్తాడు, మిగిలింది ఒక కట్ట, అయిదు పుల్లలు. జవాబు 15 అని సరిగ్గా చెబుతాడు. పది నిమిషాల తర్వాత అదే పిల్లవాడికి పలక మీద అదే లెక్క ఇస్తే 25 అని రాస్తాడు. ఒకట్ల స్థానంలో 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీసి 5 వేశాడు, పదుల్లో 3 లోంచి 1 తీసి 2 వేశాడు. పుల్లలతో చేసినప్పుడు వచ్చిన 15 పక్కనే ఉన్నా, రెండు జవాబులు వేరుగా ఉన్నాయన్న ఇబ్బంది అతనికి కలగదు. ఎందుకంటే అతని దృష్టిలో అవి రెండు వేర్వేరు పనులు: ఒకటి పుల్లల ఆట, ఇంకొకటి లెక్క.

పిల్లలు ఒక వస్తువును వస్తువుగానూ, అదే సమయంలో వేరొకదానికి గుర్తుగానూ చూడటం ఎంత కష్టమో జూడీ డెలోష్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో ప్రచురించిన ప్రయోగం తేటతెల్లం చేసింది. ఒక గదికి చిన్న నమూనా చేసి, ఆ నమూనాలో ఒక బొమ్మను పిల్లల కళ్లెదుటే దాచి, అసలు గదిలో పెద్ద బొమ్మ అదే చోట ఉందని చెప్పి వెతకమంటే, మూడేళ్ల పిల్లలు చాలావరకు నేరుగా వెళ్లి పట్టుకున్నారు. రెండున్నరేళ్ల పిల్లలు పట్టుకోలేకపోయారు. మనకు మరింత పనికొచ్చే సంగతి తర్వాతి ప్రయోగాల్లో బయటపడింది. నమూనాతో ముందుగా కాసేపు ఆడుకోనిస్తే మూడేళ్ల పిల్లలకు కూడా దాన్ని గదికి గుర్తుగా వాడుకోవడం కష్టమైంది. దాన్ని అద్దం వెనుక పెట్టి తాకనివ్వకపోతే చిన్నపిల్లలు మెరుగుపడ్డారు. తాకడమే నేర్పుతుందన్న నమ్మకానికి ఇది నేరుగా ఎదురు నిలిచే ఫలితం. బడి వయసు పిల్లలకు దీన్ని యథాతథంగా వర్తింపజేయకూడదు గానీ, మెరిసే ప్లాస్టిక్ పండ్లు, రంగురంగుల జంతువుల బొమ్మలతో లెక్క చెప్పబోతే పిల్లవాడి ధ్యాస పండు మీదే నిలిచిపోతుందన్నది తరగతిలో ఎవరైనా గమనించగల విషయం. చింతపిక్కలకు ఆ ఆకర్షణ లేదు. లెక్కకు అవే మేలు.

అందువల్ల పుల్లలకూ అంకెలకూ మధ్య దారి దానంతటదే ఏర్పడదు, ఉపాధ్యాయుడే వేయాలి. కట్ట విప్పిన ఆ క్షణంలోనే పలక మీద 3 కొట్టేసి 2 వేయాలి, పక్కన 2 ఉన్నచోట 12 రాయాలి. చేతి కదలిక ఒక్కొక్కటీ రాతలో ఒక గుర్తుగా మారాలి, ‘ఇప్పుడు ఏం చేశావు, అది ఇక్కడ ఎక్కడ కనిపిస్తోంది?’ అని పిల్లవాడి చేత చెప్పించాలి. కొన్ని రోజుల తర్వాత పుల్లలు తీసేసి, కట్టలకు బదులు నిలువు గీతలు, విడి పుల్లలకు బదులు చుక్కలు గీయించాలి. చివరకు అంకెలు మాత్రమే మిగలాలి. జెరోమ్ బ్రూనర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలో చెప్పిన మూడు మెట్లు ఇవే: చేతితో చేయడం, బొమ్మగా చూడటం, గుర్తులతో ఆలోచించడం. మన తరగతుల్లో మొదటి మెట్టు నుంచి మూడోదానికి ఒకేసారి దూకడం పరిపాటి. మధ్య మెట్టుకు ఖర్చు ఏమీ లేకపోయినా, అది ప్రదర్శనకు పనికిరాదు కాబట్టి కావచ్చు, దాని మీద శ్రద్ధ తక్కువ. ఇంటి శ్లాబు గట్టిపడకముందే సెంట్రింగు విప్పితే ఏమవుతుందో అందరికీ తెలుసు. గట్టిపడ్డాక కూడా విప్పకుండా ఉంచితే ఇంట్లో కాపురం చేయలేమన్నదీ అంతే నిజం. నాలుగో తరగతిలో ఇంకా పుల్లలు లెక్కిస్తున్న పిల్లవాడి విషయంలో జరిగింది ఈ రెండోది.

నిజ జీవితంతో ముడిపెడితే చాలు, చదువు వస్తుందనే మాట కూడా తరచుగా వినిపిస్తుంది. ఇందులో ఉన్న చిక్కును కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో అమ్మకాలు చేసే పిల్లల మీద ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు చేసి 2025లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. కిలో ఇంతైతే ఎనిమిది వందల గ్రాములు ఎంత, ఇచ్చిన నోటుకు చిల్లర ఎంత అన్న లెక్కలను కాగితం లేకుండా చకచకా చేసిన ఈ పిల్లల్లో చాలామంది, అదే స్థాయి భాగహారాన్ని బడి పద్ధతిలో రాసిస్తే చేయలేకపోయారు. బజారు అనుభవం లేని బడిపిల్లల పరిస్థితి తిరగబడింది: రాత లెక్కలు కొంత మెరుగు, బజారు లెక్కలు రావు. బ్రెజిల్‌లోని రెసీఫీ నగరంలో వీధి అమ్మకాలు చేసే పిల్లల గురించి 1985లో వచ్చిన పరిశోధన కూడా ఇలాంటి దూరాన్నే గుర్తించింది. అంటే ఇంటి లెక్క బడికి రాదు, బడి లెక్క ఇంటికి పోదు. రెండింటినీ కలిపే పని ఎవరో ఒకరు చేయాలి.

నెల్లూరు జిల్లాలో ఆ పనికి సిద్ధంగా ఉన్న లెక్క పుట్టి. ఇక్కడ వడ్లు పుట్టి లెక్కన అమ్ముతారు, పుట్టి అంటే 850 కిలోలు. ప్రభుత్వం మద్దతు ధరను ప్రకటించేది మాత్రం క్వింటాలుకు. రైతు ఇంటి పిల్లవాడికి రెండు మాటలూ చెవిన పడుతూనే ఉంటాయి. ‘వ్యాపారి పుట్టి 17,000 రూపాయలకు అడిగితే క్వింటాలుకు ఎంత పడినట్టు?’ అని అడిగి, ముందు నోటితో ఎలా తేలుస్తారో చెప్పించాలి. ఒకరు కిలోకు ఎంతో తేల్చి వందతో హెచ్చిస్తారు, మరొకరు పుట్టి ఎనిమిదిన్నర క్వింటాళ్లని పట్టుకుంటారు, ఇంకొకరు రెండు పుట్లకు పదిహేడు క్వింటాళ్లు, ముప్పై నాలుగు వేలు అని భిన్నాన్ని వదిలించుకుంటారు. మూడు దారులనూ బోర్డు మీద పక్కపక్కన రాసి, పుస్తకంలోని భాగహారం వీటిలో ఏ దారికి దగ్గరగా ఉందో పిల్లల చేత గుర్తింపజేస్తే 2,000 అనే జవాబు కంటే విలువైనది ఏదో ఆ పీరియడ్‌లో జరిగినట్టు. స్థానిక పరిసరాలను వాడుకోవడమంటే పాఠంలోని పేర్లు మార్చి ఆపిల్ పండ్ల చోట సపోటాలు పెట్టడం కాదు.

పరిసరాల విజ్ఞానంలో సంగతి కొంత తేలిక. ప్రకాశం జిల్లాలో విరివిగా పండే శనగ గింజలతో మొలకల ప్రయోగం చేయని బడి ఉండదేమో. చేసేది ఒకటే: తడి ఉన్నచోట, లేనిచోట, నీళ్లలో పూర్తిగా మునిగినచోట గింజలు పెట్టి చూడటం. తేడా అంతా గింజలు పెట్టకముందు ‘ఏది మొలుస్తుంది, ఎందుకు?’ అని ప్రతి పిల్లవాడి చేత పుస్తకంలో రాయించామా లేదా అన్నదానిలో ఉంది. ముందు ఊహ రాసిన పిల్లవాడు మూడు రోజులపాటు తన ఊహను చూసుకుంటాడు. రాయనివాడు మొలకలను చూస్తాడు.

చదవడం, రాయడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కృత్యాల మీద ఉన్న ఉత్సాహాన్ని కొంత తగ్గించుకోవాలి. తెలుగు అక్షరమాలలో 56 అక్షరాలు, వాటి గుణింతాలు, ఒత్తులు కలిస్తే పిల్లవాడి కంటికి వందల రూపాలు ఎదురవుతాయి. ఇవి పాటలు పాడటం వల్లనో, బొమ్మల కార్డులు కలపడం వల్లనో వాటంతటవి పట్టుబడవు. శబ్దానికీ రూపానికీ ఉన్న సంబంధాన్ని ఒక క్రమంలో, నేరుగా, మళ్లీ మళ్లీ చెప్పాలి. కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే పరిశోధకులు 2006లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో, కొత్తగా నేర్చుకునేవారిని మార్గదర్శనం లేకుండా వదిలేస్తే వారి జ్ఞాపకం మీద భారం ఎక్కువై నేర్చుకోవడం కుంటుపడుతుందని గట్టిగా వాదించారు. వారి వాదన మొత్తాన్ని ఒప్పుకోనక్కర లేదు, దానికి జవాబులూ వచ్చాయి. కానీ మొదటి తరగతి తెలుగు వాచకం విషయంలో వారి మాటకు బలం ఉంది. ఎక్కాల గురించి కూడా ఇదే చెప్పాలి. 7 ఎనిమిదులు అంటే ఎనిమిదేసి గింజల వరుసలు ఏడు అని చూసి తెలుసుకున్న తర్వాత వాటిని కంఠతా పట్టించడం పిల్లవాడి మీద దౌర్జన్యం కాదు. పెద్ద భాగహారం చేసేటప్పుడు అతని బుర్రను చిన్న పని నుంచి విడిపించే మేలు. బట్టీని తిట్టడం మన విద్యా చర్చల్లో ఒక మర్యాదగా మారిపోయింది గానీ, చెడు చేసేది అర్థం లేని బట్టీ మాత్రమే.

ఇంతవరకూ చెప్పినది ఒక తరగతి, ఒక ఉపాధ్యాయుడు ఉన్నట్టు ఊహించి. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు, తరగతులు అయిదు. ఒకరు రెండు తరగతులను, మరొకరు మూడింటిని ఒకే గదిలో కూర్చోబెట్టుకుని నెట్టుకురావాలి. అయిదో తరగతితో వరండాలో అంకణాలు గీయిస్తున్నప్పుడు నాలుగో తరగతి ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు లేకుండా కృత్యాధార బోధన గురించి ఎంత మాట్లాడినా గాలిమాటే. దీనికి బాగా పనిచేసిన జవాబుల్లో ఒకటి మన పొరుగునే, మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో పుట్టింది. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం పాఠ్యాంశాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ప్రతి మెట్టుకూ కార్డులు చేసి, పిల్లలు తమ వేగంతో నిచ్చెన ఎక్కేలా, ఉపాధ్యాయుడి సాయం పూర్తిగా కావలసినవారు ఒకచోట, తోటివారి సాయంతో చేయగలిగినవారు ఒకచోట, సొంతంగా చేసుకోగలిగినవారు మరొకచోట కూర్చునేలా ఏర్పాటు చేసింది. కర్ణాటకలో ‘నలి కలి’ అనే బోధనా పద్ధతి, తమిళనాడులో 2003 తర్వాత చెన్నై నుంచి విస్తరించిన కృత్యాధార పద్ధతి, మన రాష్ట్రంలో ఒకటి, రెండు తరగతులకు వచ్చిన స్నేహబాల కార్డులు ఈ మూలం నుంచే వచ్చాయి.

ఆ పద్ధతి ఒక బడి నుంచి వేల బడులకు విస్తరించినప్పుడు ఏం జరిగిందో చూడాలి. కార్డులు నలుగుతాయి, పోతాయి, తిరిగి అచ్చువేసే నిధి ఆగిపోతుంది. ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో రోజూ రాసుకోవడం ఉపాధ్యాయుడికి బోధన కంటే పెద్ద పని అవుతుంది. చివరకు పిల్లలు కార్డు తర్వాత కార్డు పూర్తిచేస్తూ పోతారు, ఒక్కరితోనూ ఉపాధ్యాయుడు కూర్చుని మాట్లాడడు. సామగ్రి బీరువాలో ఉండటం ఒక రకమైన వైఫల్యమైతే ఇది మరొక రకం. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ రూపొందించి పలు రాష్ట్రాల్లో పరీక్షకు నిలిచిన పద్ధతి దీనికంటే తేలికైనది: రోజుకు ఒకటి రెండు గంటలపాటు తరగతి గోడలను పక్కనపెట్టి, అక్షరాలు గుర్తించేవారు, పదాలు చదివేవారు, వాక్యాలు చదివేవారు అని ప్రస్తుత స్థాయిని బట్టి పిల్లలను కూర్చోబెట్టి, ఆ స్థాయికి తగిన కృత్యాలు చేయించడం. ఇద్దరు ఉపాధ్యాయుల బడికి ఇది సాధ్యమైన పని. మిగిలిన సమయంలో ఒక తరగతికి కృత్యం, మరో తరగతికి చేతిలో రాత పని అన్న పాత సర్దుబాటే నడుస్తుంది. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

సమయం సంగతి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. చట్టం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పని దినాలు, 800 బోధన గంటలు నిర్దేశించింది. అంకణాల పాఠం ఒక పీరియడ్‌లో తెమలదు, రెండు కావాలి. ప్రతి పాఠాన్నీ ఇలా చెప్పబోతే డిసెంబరు నాటికి పుస్తకంలో సగం కూడా కాదు. కాబట్టి ఎంపిక తప్పదు: స్థాన విలువ, భిన్నం, వైశాల్యం, కొలతలు వంటి, ఒకసారి తప్పుగా నాటుకుంటే ఏళ్ల తరబడి వెంటాడే భావనల దగ్గర సమయం ధారాళంగా ఖర్చుపెట్టి, నెలల పేర్లు, జిల్లాల పేర్ల వంటివి చెప్పేసి ముందుకు పోవాలి. అన్ని పాఠాలకూ సమానంగా కృత్యాలు రాసి ఇచ్చే పాఠ్య ప్రణాళికలు ఈ విషయంలో ఉపాధ్యాయుడికి సాయం చేయవు.

తల్లిదండ్రుల అనుమానం మరొకటి. ‘బడిలో ఆడిస్తున్నారు, చదువు చెప్పడం లేదు’ అనే మాట వెనుక అజ్ఞానం ఉందనుకోవడం పొరపాటు. కూలికి పోయివచ్చిన తల్లికి పిల్లవాడి చదువును కొలిచే సాధనం నోటుపుస్తకం ఒక్కటే. ప్రైవేటు బడి పిల్లవాడి పుస్తకం నిండుగా ఉండి తన బిడ్డ పుస్తకం ఖాళీగా ఉంటే ఆమె ఆందోళన సహజం. వరండాలో గీసిన మూడు అంకణాల బొమ్మలు, వాటి కొలతలు, తాడు లెక్క, ‘నాకు ముందు ఏమనిపించింది, తర్వాత ఏం తెలిసింది’ అన్న రెండు వాక్యాలు నోటుపుస్తకంలోకి ఎక్కితే ఆమెకూ చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది, పిల్లవాడికీ చేతి పనికి రాత తోడవుతుంది.

కృత్యం ఫలించిందో లేదో తెలుసుకోవడానికి ప్రత్యేక పరీక్ష అక్కరలేదు. దేశమంతటా బడిపిల్లలు రాసిన పలకలకు పేరుమోసిన మార్కాపురం మనకు దగ్గరే. ఆ పలక ఇప్పుడు ఒకటో తరగతి దాటితే సంచిలో కనిపించడం మానేసింది గానీ, తరగతి మొత్తం ఏం ఆలోచిస్తున్నదో ఒక్క చూపులో తెలుసుకోవడానికి దాన్ని మించిన సాధనం లేదు. రెండు రోజులు ఆగి, పుల్లలేవీ ముందు పెట్టకుండా, 43 లోంచి 18 తీసి పలక మీద రాసి ఒకేసారి పైకెత్తమంటే 25 రాసినవారెవరో, 35 రాసినవారెవరో క్షణంలో తెలుస్తుంది. ఒక్కరిని లేపి అడిగితే మిగతావారి తప్పులు దాగిపోతాయి; పలకలో తప్పు తుడిస్తే పోతుంది కాబట్టి పిల్లలు కూడా జంకకుండా రాస్తారు. ఇంకా లోతుగా చూడాలంటే దారిని తిరగేయాలి: ‘ఒక అబ్బాయి 32 లోంచి 17 తీస్తే 25 వచ్చిందన్నాడు, అతను ఎక్కడ తప్పాడో పుల్లలతో చూపించు’ అని అడగాలి. రాత నుంచి వస్తువు వైపు వెనక్కి నడవగలిగిన పిల్లవాడికి ఇక ఆ కట్టలు అవసరం లేదు, వాటిని పక్క వరుసకు ఇచ్చేయవచ్చు. నడవలేకపోయినవారు మరుసటి రోజు మొదటి పీరియడ్‌లో మళ్లీ రబ్బరు బ్యాండు విప్పాలి, ఈసారి రెండో చేతిలో బలపం పట్టుకుని.